బావకు పెట్టిన బెల్లం

నర్సంపేట పక్క పల్లెలో మొగిలమ్మ మొగుడు పోయాక ఉన్న కాస్త పత్తి చేనుతోనే బతుకు నెట్టుకొచ్చింది. మెడ మీద గడ్డలు లేచి క్యాన్సరని తేలినప్పుడు కూడా ఏడవలేదు. మందులెక్కించుకుని మంచాన పడి ఉండగా, మొగుడి అన్న సాంబయ్య ఆ చేను దున్ని పత్తి పెట్టాడని విన్న రోజు మాత్రం లేచి కూర్చుంది. "అది పోయేదే. చేను బీడు పెట్టుడెందుకు?" అన్నాడట నలుగురిలో. ఇక ఆమెకు ఒకటే పంతం. వాడు చూస్తుండగా బతకాలి.

జబ్బు పోయిందో లేదో తేల్చేది హనుమకొండలో తీసే పెట్ స్కాన్. చక్కెరలాంటి మందు నరంలోకి ఎక్కిస్తారు. క్యాన్సర్ మిగిలి ఉంటే ఆ మందును ఆబగా మింగి తెర మీద వెలుగుతుంది. అందుకే ముందు ఏమీ తినకూడదు, తీపి అసలే వద్దు. మొదటి స్కాన్‌నాడు తోడొచ్చిన సాంబయ్య ఈ మాట పక్కనే నిలబడి విన్నాడు. పైగా వాడు షుగర్ మనిషి.

అయినా రెండో స్కాన్‌కు బయలుదేరిన పొద్దున ఆటో ఆపి, మేడారం నుంచి తెచ్చిన బెల్లం ముక్క చేతిలో పెట్టాడు.

"తల్లుల బంగారం. నోట్లేస్కో మొగిలీ, మంచిగైతది."

బంగారమని మొక్కే సమ్మక్క సారలమ్మల బెల్లాన్ని కాదన్న మనిషి ఆ ఊళ్లో పుట్టలేదు. మొగిలమ్మ కళ్లకద్దుకుని తినేసింది. ప్రసాదం కూడా తిండి కిందికి వస్తుందని ఆమెకు తోచనే లేదు.

సెంటర్లో వేలు పొడిచి షుగర్ చూసిన నర్సు వినోద నొసలు చిట్లించింది. "ఏమన్న తిన్నవా అమ్మా?"

"తినలే బిడ్డా. తల్లుల బంగారమే, జరంత."

"అయ్యో! తీపి తింటే మందును కండలు గుంజుకుంటయ్, ఫొటో ఖరాబైతది. వచ్చే వారం రా."

బావ మతలబు మొగిలమ్మకు అప్పుడు తెలిసింది. తన ప్రాణంతో ఆడుకోవడానికి తల్లులనే అడ్డం పెట్టుకున్నాడు, ముదనష్టపోడు! వారమంతా పళ్లు నూరుతూనే ఉంది.

ఈసారి కొంగు నోటికి అడ్డం కట్టుకుని ఇల్లు కదిలింది. స్కాన్ అయ్యాక డాక్టరు పాత బొమ్మా కొత్త బొమ్మా పక్కపక్కన పెట్టి చూపించాడు. పాతదాంట్లో మెడంతా నిప్పు. కొత్తదాంట్లో అక్కడేమీ లేదు.

"పోయిందమ్మా," అన్నాడు.

"చేన్ల పనికి పోవచ్చా సారూ?" అని మాత్రం అడిగింది.

మేడారంలో నిలువెత్తు బెల్లం తూచి మొక్కు తీర్చుకుంది. ఊళ్లో పంచడానికి మొట్టమొదట సాంబయ్య ఇంటికే వెళ్లింది. అరుగు మీద పదిమంది కూర్చుని ఉన్నారు.

"పట్టు బావా, తల్లుల బంగారం." పిడికెడు ముద్ద చేతిలో పెట్టింది.

"నాకు షుగరున్నది గదనే..." వాడు నసిగాడు.

"నాకు పెట్టిననాడు యాదికి రాలేదా ఆ షుగరు? అందరి ముంగట తల్లులను కాదంటవా?"

సాంబయ్య చుట్టూ చూశాడు. అందరూ వాడి నోటివైపే చూస్తున్నారు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చివరి ముక్క గొంతు దిగేదాకా ఆమె కదల్లేదు.

"రేపటి సంది పత్తి నేనే ఏరుకుంట," అంది. "దున్నినందుకు నీ కూలి ముట్టింది, బావా."