చివరి నలభై పేజీలు

దేదీప్య పనిచేసే పుస్తకాల షాపు నేపర్‌విల్‌లో రైలు స్టేషన్‌కి రెండు వీధుల అవతల ఉంది. చికాగో ఆఫీసుల నుంచి సాయంత్రం దిగినవాళ్లు ఇంటికెళ్లే ముందు అక్కడ ఓ పది నిమిషాలు ఆగుతారు. షాపు లోయిస్ అనే డెబ్బై ఏళ్లావిడది. తలుపు తీయగానే ఎడమ పక్క ఒక అలమర కనిపిస్తుంది. షాపులో పనిచేసేవాళ్లు తలా ఒక అరలో తమకిష్టమైన పుస్తకాలు పెట్టి, వాటిని ఎందుకు చదవాలో ఒక చిన్న కార్డు మీద చేత్తో రాసి అంటిస్తారు. మధ్య అర దేదీప్యది.

ఆమెకి ఇరవై నాలుగేళ్లు. స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేసింది. ఉద్యోగం దొరికేదాకా అనుకుని ఇక్కడ చేరింది. తీరా దొరికాక దాన్ని వద్దనుకుని, రెండేళ్లుగా ఇక్కడే ఉండిపోయింది. తల్లి అనురాధ ఇంటికొచ్చినవాళ్లతో, అమ్మాయి పబ్లిషింగ్ సైడ్ ఉందని చెబుతుంది. దేదీప్య ఆ మాటని ఎప్పుడూ సరిదిద్దలేదు.

ఆమె కార్డుల్లో పొగడ్తలుండవు. ఒక స్కూల్లో ముప్ఫై ఏళ్లు వంటచేసినావిడ రాసిన వంటల పుస్తకం ఒకటుంది, బొమ్మ ఒక్కటీ లేదు. దాని కింద, "ఉల్లిపాయలు వేగడానికి ఎంతసేపు పడుతుందో నిజం చెప్పింది ఈవిడొక్కతే" అని రాసింది. కొండ మీది వాతావరణ కేంద్రంలో పన్నెండేళ్లు ఒంటరిగా గడిపిన మనిషి డైరీ ఇంకొకటి. "ఇందులో ఏమీ జరగదు. ఏదైనా కబురు కోసం ఎదురుచూస్తున్నవాళ్లకి ఇస్తాను." లేఆఫ్ అయి ఇంటర్వ్యూల ఫలితాల కోసం చూస్తున్న హర్షవర్ధన్ అనే అతను ఆ డైరీ కొనుక్కెళ్లి, మూడో రోజే వచ్చి రూమ్మేట్‌కి ఇంకో కాపీ తీసుకెళ్లాడు.

అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయింది మాత్రం ఒక నవల. నది మీద బల్లకట్టు నడుపుకుని బతికే అక్కాచెల్లెళ్ల కథ. "ఒకరినొకరు వదిలిపెట్టని ఇద్దరు. మీకు అక్కో చెల్లెలో ఉంటే కొనండి. మాట్లాడుకోవడం మానేసి ఉంటే రెండు కొనండి" అని దేదీప్య రాసింది. చదివినవాళ్లు నవ్వుకుంటూ కొనేవారు. నిజంగానే రెండేసి తీసుకున్నవాళ్లూ ఉన్నారు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేని వేళ, వసంతలక్ష్మి వచ్చింది. ఆవిడ నర్సుగా చేసి రిటైరైంది. రెండు వారాలకోసారి వచ్చి ఏదో ఒకటి కొనుక్కుపోతుంది. ఆ రోజు ఏ అలమర వైపూ చూడకుండా తిన్నగా కౌంటర్ దగ్గరికొచ్చింది.

"ఆ కార్డు రాసింది నువ్వేనామ్మా?"

అవునంది దేదీప్య.

ఆవిడ గొంతు పెంచకుండానే జరిగింది చెప్పింది. న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఆవిడ చెల్లెలు ఉష ఉంటుంది. నాలుగేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. కార్డు చూసి రెండు కాపీలు కొని, ఒకటి చెల్లెలికి పోస్ట్ చేసింది. తన కాపీ ఇంకా తెరవనేలేదు. నిన్న చెల్లెలు ఫోన్ చేసింది. నాలుగేళ్ల తర్వాత మొదటి ఫోన్. కథ ఎలా ముగిసిందో చెప్పి, నేను నిన్ను వదిలేసి పోయానని చెప్పడానికే ఈ పుస్తకం పంపావా అని అడిగి ఫోన్ పెట్టేసింది.

"చివర్లో చెల్లెలు వెళ్లిపోతుందటగా? అక్క జ్వరంతో పడుంటే?"

దేదీప్యకి అబద్ధమాడటానికి వీలుంది. కథని అలా కూడా అర్థం చేసుకోవచ్చని ఏదో ఒకటి చెప్పొచ్చు. కస్టమర్లతో అలాంటివి నాలుగు ముక్కలు చెప్పడం ఆమెకి బాగానే వచ్చు.

"నాకు తెలీదు ఆంటీ," అంది చివరికి. "నేను ఎండింగ్ చదవలేదు. లాస్ట్ ఫార్టీ పేజెస్ చదవలేదు."

"చదవకుండానే రాశావా?"

"అవును. సారీ ఆంటీ."

వసంతలక్ష్మి ఏ పుస్తకమూ కొనకుండానే వెళ్లిపోయింది.

దేదీప్య ఆ నవల చదివింది పదహారో ఏట. అదే వేసవిలో అక్క ప్రణీత కాలేజీకని ఇల్లు వదిలింది. కథలో చెల్లెలు అవతలి ఒడ్డు నుంచి వెళ్లే బస్సుల వేళలు కనుక్కోవడం మొదలుపెట్టిన చోట దేదీప్య పుస్తకం మూసేసింది. తర్వాత ఎవరడిగినా అది తన ఫేవరెట్ అని చెప్పేది. చెప్పగా చెప్పగా, చివరిదాకా చదవలేదన్న సంగతి ఆమెకే గుర్తులేకుండా పోయింది. అక్కాచెల్లెళ్లు బల్లకట్టు మీద కలిసే ముసలివాళ్లయ్యారని నిజంగా నమ్మింది.

ఆ రోజే షాపు వెనక గదిలో కూర్చుని ఆ నలభై పేజీలూ చదివింది. చెల్లెలు వెళ్లిపోతుంది. మళ్లీ రాదు. జ్వరం తగ్గాక అక్క లేచి ఒక్కతే బల్లకట్టు తాడు లాగుతుంది. ఎవరిది తప్పో పుస్తకం ఎక్కడా చెప్పదు. ఇన్నాళ్లూ తను అమ్ముతూ వచ్చిన కథ కన్నా ఇదే బాగుందని దేదీప్యకి అనిపించింది. అలా అనిపించినందుకు కొంచెం సిగ్గేసింది కూడా.

వెళ్లి లోయిస్‌కి జరిగింది చెప్పింది. ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది, అరలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయని. రెండున్నాయని దేదీప్య ఒప్పుకుంది. వాటిని తనే తీసేసింది. నవల దగ్గర కొత్త కార్డు పెట్టింది: "రెండేళ్లు ఈ పుస్తకం గురించి మీకు తప్పు చెప్పాను. చెల్లెలు వెళ్లిపోతుంది. ఎవరికైనా పంపేముందు మీరు చదవండి." దాని అమ్మకం సగానికి పడిపోయింది. పాత కార్డు చూసి కొన్నవాళ్లలో ఒకాయన వచ్చి, తన కాపీ వాపసు తీసుకుంటారా అని అడిగాడు. లోయిస్ తీసుకోమంది.

వసంతలక్ష్మి నెల దాకా షాపు ఛాయలకి రాలేదు. మళ్లీ వచ్చినప్పుడు ముందు కొత్త కార్డు చదివింది. తర్వాత కౌంటర్ దగ్గరికొచ్చి, తనూ నవల పూర్తి చేశానని చెప్పింది. చదివాక చెల్లెలికి ఫోన్ చేసిందట. ఆ అక్క నోటికి జడిసే చెల్లెలు పారిపోయిందని ఉష అంటుంది. పనికి వొళ్లొంచలేక వెళ్లిపోయిందని వసంతలక్ష్మి అంటుంది. నాలుగు ఆదివారాలుగా ఇదే వాదన.

"ఇంకా అసలు గొడవ దాకా రాలేదులే," అంది ఆవిడ.

తర్వాత కిటికీలో పెట్టిన కొత్త పుస్తకం వైపు చూపించి, అదెలా ఉంటుందని అడిగింది. మంచు ప్రాంతాల్లో రోడ్లు శుభ్రం చేసే ఒకామె రాసుకున్న జీవితకథ అది.

"హాఫ్ చదివాను ఆంటీ. ఇంకా హండ్రెడ్ పేజెస్ ఉంది. థర్స్‌డే రండి, చెప్తాను."

వసంతలక్ష్మి సరేనంది. గురువారం ఆవిడకి వీలుపడలేదు. శనివారం వచ్చింది. మధ్యలో కాస్త సాగదీసిందని, చివర మాత్రం బాగుందని దేదీప్య చెప్పింది. ఆవిడ ఒకే ఒక్క కాపీ కొనుక్కుంది.