నూకరత్నం గడ్డి తీసేసింది

మా ఆడపడుచు నూకరత్నం పొద్దున్నే నరసాపురం రేవులో చేపలు ఏరి ఐసు పెట్టెల్లో సర్దుతుంది. మధ్యాహ్నం నుంచి కంప్యూటర్లో తుపాకుల ఆట. దాని గురికి ఊళ్లో సాటి లేదు. వదినని కాబట్టి చెప్పడం లేదు, నిజం. దాని ఖర్మల్లా ఆ కంప్యూటరే. ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న ముసలి డబ్బా.

రాజమండ్రిలో జరిగే ఆ ఆట పోటీకి మా ఊరి వీరబాబు ఐదుగురి జట్టు కడుతున్నాడు. నలుగురు కుదిరారు. ఐదో చోటు కోసం నూకరత్నం, రొయ్యల చెరువులవాళ్ల బుల్లిరాజు ఎదురెదురుగా ఆడారు. సరిగ్గా కాల్చబోయే సమయానికి దీని తెర బిగుసుకుపోయింది. ఓడిపోయింది.

బుల్లిరాజు ఊరుకున్నాడా? జట్టంతా వినేలా మైకులో, "ఒసే, నువ్వు చేపలేరుకోడానికే పనికొస్తావే. ఆ డబ్బా గోదాట్లో పారెయ్!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. వాడి నోరు పడిపోను! నాకు ఒళ్లు మండిపోయింది. నూకరత్నం మాత్రం, "ఆదివారం ఇంకొక్కసారి ఆడనివ్వండి వీరబాబు గారూ," అంది. ఆయన సరేనన్నాడు.

ఆ వారమంతా ఆట సెట్టింగులు తెరిచి కూర్చుంది. నీడలు తీసేసింది. నీళ్ల మెరుపు తీసేసింది. ఆటలో నేల మీద కనిపించే గడ్డిని అట్టడుగుకి దించేసింది. ఒక్కొక్కటీ తీసేకొద్దీ ఆట తడబడకుండా సాగింది గానీ, చూడ్డానికి బోడిగా తయారైంది.

"ఛీ, ఇదేం ఆటే? కళాకాంతీ లేదు," అన్నాను.

"అందం నాకెందుకొదినా? వాడు కనిపిస్తే చాలు."

ఆదివారం వచ్చింది. బుల్లిరాజుది కొత్త మిషను, సెట్టింగులన్నీ ఫుల్లు. వాడి తెర మీద నడుమెత్తు గడ్డి. అందులో బోర్లా పడుకుని ఎవరికీ కనపడననుకున్నాడు. ఎవరి తెర మీద గడ్డి వాళ్లదేనని ఆ వెర్రివాడికి తెలియదు. మా తెర మీద కోత కోసేసిన చేనులా బోసినేల, మధ్యలో వీడు. మూడుసార్లు పడుకున్నాడు, మూడుసార్లూ లేపేసింది. నేను చప్పట్లు కొట్టాను. నాకేం సిగ్గు లేదు.

"మోసం!" అని గోల పెట్టాడు. వీరబాబు మా ఇంటికొచ్చి కంప్యూటరంతా చూశాడు. "సెట్టింగులేగా, ఎవరైనా మార్చుకోవచ్చు," అని ఐదో చోటు నూకరత్నానికే ఇచ్చాడు.

మర్నాడు బుల్లిరాజు ఫోను చేశాడు. "రత్నం గారండీ, ఏం మార్చారో నాక్కూడా కొంచెం చెప్పండి. మనం మళ్లీ ఆడదామండీ."

"గడ్డి ఇంకా పెంచుకోండి బాబూ. ఎంత దట్టంగా ఉంటే అంత బాగా దాక్కోవచ్చు," అంది నూకరత్నం, ఎంతో మర్యాదగా.

"చాలా థాంక్సండీ," అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. నిజం చెప్పమని అనలేదు.