ఐదు క్లబ్బులు, రెండు తాళ్లు

మా లీగ్ మొదలైన నాలుగో ఏడు. ఎండలు ఇంకా ముదరని రోజులు. నెల్లూరు నుంచి తూర్పుగా పోయి, సరుగుడు తోపులు దాటితే సముద్రం ఒడ్డున సరుగుడుపాళెం వస్తుంది. ఆ ఒడ్డున తాటాకు పందిరి వేసి, దాని కింద ఆరు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఐదు క్లబ్బులతో బతకాలా, ఇద్దరు పెద్దల సొంత ఆస్తిగా మారాలా అన్నది తేలాల్సింది అక్కడే. ఐదు కుర్చీలు క్లబ్బుల వాళ్లవి. ఆరోది సెక్రటరీది, అంటే నాది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను చెప్పేదాంట్లో సగం తరుగు తీసి వినమని మా ఆవిడ కొత్తవాళ్లందరికీ అడక్కుండానే సలహా ఇస్తుంటుంది. మామూలుగా అది న్యాయమైన తరుగే. ఈ ఒక్క సంగతిలో మాత్రం తరుగు తీయొద్దని మనవి. చేపల సైజు దగ్గర కావాలంటే కొంచెం తగ్గించుకోండి.

లీగ్ సెక్రటరీ అనగానే నాకు బంతి ఆట బాగా వచ్చనుకుంటారు. నేను జీవితంలో ఒక్కసారే గట్టిగా తన్నాను, చెప్పు పోయి రిఫరీకి తగిలింది. నా పని వేరు. ఏ ఆదివారం ఎవరు ఎవరితో, ఎవరి గ్రౌండ్‌లో ఆడాలో పట్టిక రాయాలి. దాన్ని ఫిక్స్చర్ అంటాం. సీజన్ మొత్తం ఆ కాగితం మీదే నడుస్తుంది. రిఫరీలను కుదర్చాలి. మీటింగులు పెట్టాలి. టికెట్ల డబ్బు, ఫోన్లో లైవ్ చూసేవాళ్ల మీద వచ్చేది, ప్రకటనల మీద వచ్చేది, అన్నీ ఒక చోట చేర్చి ఐదు క్లబ్బులకూ సమానంగా పంచాలి. అలా ఒక చోట చేరిన దాన్ని పూల్ అంటాం. క్లబ్బుకొక ఓటు. రూలు మార్చాలంటే ఐదింట నాలుగు ఓట్లు పడాలి. సెక్రటరీకి ఓటు లేదు.

ఆ ఏడు కోవూరు క్లబ్ యజమాని పెంచలరెడ్డిగారు సంస్కరణలని ఒక కాగితం తెచ్చారు. ఆయనకు రైసుమిల్లు ఉంది. మిల్లు పక్కనే మంచి గ్రౌండ్ కట్టించారు, గ్యాలరీ వేశారు, లైట్లు పెట్టారు. కాగితంలో రెండే ముక్కలు. ఒకటి, పూల్‌ని ఇక సమానంగా కాకుండా, ఏ క్లబ్ మ్యాచ్‌ని ఎంతమంది చూశారో దాన్ని బట్టి పంచాలి. రెండు, ఎక్కువమంది చూసే నెల్లూరు, కోవూరు క్లబ్బులకు మూడేసి ఓట్లు, మిగతా ముగ్గురికీ తలా ఒకటి. దీన్ని మా భాషలో వెయిటెడ్ ఓటింగ్ అంటారు, అంటే బరువును బట్టి ఓటు. లెక్క మీరే వేసుకోండి. ఆ ఇద్దరూ ఒక మాట మీద ఉంటే మిగతా ముగ్గురూ మీటింగ్‌కి వచ్చి టీ తాగి పోవడమే.

ఆయన వాదనలో పస లేదని అనను. నెల్లూరులో, కోవూరులో జనం టికెట్ కొని కూర్చుంటారు. పాళెంలో సగం మంది ఒడ్డుకు లాగిన పడవల మీద కూర్చుని ఉచితంగా చూస్తారు. పైగా పాళెం గ్రౌండ్ గాలి మామూలు గాలి కాదు. ఒకసారి కోవూరు గోలీ, అంటే గోల్‌కీపర్, కొట్టిన గోల్ కిక్ పెనాల్టీ గీత దాటి, ఆకాశంలో కాసేపు ఆలోచించి, వెనక్కి తిరిగొచ్చి అతని గోల్లోనే పడింది. రూలు ప్రకారం అది గోల్ కాదు, అవతలి జట్టుకు కార్నర్. ఆ రూలు ఉందని ఆ రోజుదాకా పెంచలరెడ్డిగారికి తెలియదు. తెలిశాక కూడా నమ్మలేదు.

కాగితానికి నెల్లూరు, కోవూరు ఎలాగూ సరే. ఒప్పుకుంటే ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తామనేసరికి కొడవలూరు, వెంకటాచలం క్లబ్బులూ తల ఊపాయి. నాలుగు ఓట్లు కుదిరాయి. మిగిలింది సరుగుడుపాళెం.

పాళెం క్లబ్‌కి ప్రెసిడెంట్ మస్తానమ్మ. చేపల వేలంలో ఆమె గొంతు లేస్తే ఐసు వ్యాన్ల వాళ్లు ఇంజన్లు ఆపి వింటారు. మీటింగ్‌కి వారం ముందు నేను వెళ్లేసరికి గంపలు కడుగుతోంది.

"సెక్రటరన్నా, ఆ కాగితం పాసైతే ఏమవుద్దో చెప్పు. కథలు లేకుండా చెప్పు."

"ఈ సీజన్ ఆడతారక్కా. వచ్చే సీజన్‌కి మీ వాళ్లకి నెలజీతాలు ఇయ్యలేరు."

"అంటే మా గోలీ మళ్లీ మద్రాసు పోయి కూలికి పడవెక్కాల."

"గోలీ ఒక్కడే కాదక్కా."

ఆమె గంప బోర్లించి దాని మీద కూర్చుంది. "ఇరవై మంది. వాళ్లమ్మలకి నేనే చెప్పినాను. బిడ్డలు ఇంటికాడే అన్నం తిని, ఆట ఆడి సంపాదిస్తారు, ఇంక మద్రాసు పంపబళ్లేదని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకోని పోయేది?" నా వైపు తిరిగింది. "నీకు ఓటుందా?"

"లేదు."

"మరి ఏముంది నీకాడ?"

"మీటింగ్ ఎక్కడ పెట్టాల, ఎన్నింటికి పెట్టాల, అదొక్కటే నా చేతిలో ఉంది."

ఆమె సముద్రం వైపు చూసింది. "శనివారం పెద్దవల ఏస్తుండారు. పది గంటలకి మా ఒడ్డున పెట్టు."

"వల లాగేటప్పుడు మీరెవరూ కూర్చోరు గదక్కా?"

"పెట్టు సామీ. కాసేపు చూస్తారు. చూస్తే పోయిందేముంది?"

కాబట్టి ఆ వేళ ఎంచిన తెలివి నాది కాదు. మిగతా చోట్ల నాదేనని చెప్పుకుంటూ ఉంటాను, ఇక్కడ మాత్రం నిజం రాస్తున్నాను.

పెద్దవల గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. తాడు ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో వల వదులుకుంటూ సముద్రంలో సగం చుట్టు తిరిగి, దూరంగా రెండో కొసతో ఒడ్డుకొస్తారు. ఆ తర్వాత ఊరు రెండు జట్లుగా చీలి రెండు తాళ్లూ లాగుతుంది. లాగుతూ లాగుతూ ఒకరి వైపు ఒకరు జరుగుతారు. మధ్యలో నిలబడి పోలయ్య అనే పెద్దాయన ఎర్ర తువ్వాలు ఊపుతుంటాడు. రెండు తాళ్లూ సమంగా రావాలి గనక, ఆయన ఏ వైపు ఊపితే ఆ వైపు ఆగాలి.

శనివారం పది గంటలకు కార్లు వచ్చాయి. వాటి వెనకే కోవూరు జట్టు బస్సు. మర్నాడు పాళెం గ్రౌండ్‌లో వాళ్లకు మ్యాచ్ ఉంది, గాలికి అలవాటు పడాలని ఒకరోజు ముందే వచ్చారు. పందిరి కింద నేనొక్కణ్ణే ఉన్నాను. మస్తానమ్మతో సహా ఊరంతా తాళ్ల దగ్గర ఉంది.

"ఏందయ్యా ఇది? మీటింగా, తిరణాలా?" అన్నారు పెంచలరెడ్డిగారు.

"వల ఒడ్డుకొస్తేగానీ పాళెం వాళ్లు కూర్చోరు రెడ్డిగారూ. గంటన్నర పడుద్ది."

"గంటన్నరా! నాకు మిల్లుకాడ లారీలు నిలబడుండాయి." ఆయన బస్సు వైపు తిరిగారు. "అబ్బయ్యా, అందరూ దిగండి. తాడు పట్టుకోండి. పది నిమిషాల్లో ఈడ్చేద్దాం."

మస్తానమ్మ అక్కణ్ణుంచే అరిచింది. "పట్టొచ్చు రెడ్డిగారూ! తాడు మీద చెయ్యేసినోళ్లకి పాలుంటది! పోలయ్య తువ్వాలు చూసి లాగాల!"

పాలు, అంటే వాటా, ఉంటుందన్నది అందరికీ వినపడింది. తువ్వాలు సంగతి గాలికి పోయింది.

పద్దెనిమిది మంది ఆటగాళ్లు, రోజూ రెండు పూటలా వ్యాయామం చేసే కుర్రాళ్లు, బస్సుకు దగ్గరున్న దక్షిణపు తాడే పట్టుకున్నారు. పెంచలరెడ్డిగారు కూడా పంచె ఎగ్గట్టి కొసన చెయ్యి వేశారు. ఉత్తరపు తాడు దగ్గర ఆడవాళ్లు, ముసలివాళ్లు ఉన్నారు. వాళ్ల మధ్యలో కొడవలూరు క్లబ్ తరఫున వచ్చిన రమణయ్య. వరి రైతు, నెమ్మదైన మనిషి. ఫోటో దిగుదామని పోయి, పాళెం వాళ్లను చూసి తాడు నడుముకు తిప్పుకున్నాడు.

దక్షిణపు వైపు హైలెస్సా అన్నారు. నేను అలాంటి లాగుడు మళ్లీ చూడలేదు. పోలయ్య ఎర్ర తువ్వాలు ఊపాడు, తర్వాత తలపాగా తీసి ఊపాడు, చివరికి చొక్కా కూడా విప్పి ఊపాడు. ఎవరూ చూడలేదు. వల మొత్తం దక్షిణానికి ఒరిగింది. ఉత్తరపు తాడు నీళ్లలోకి జారింది, దాంతోపాటే రమణయ్య. ఫర్లాంగు దూరం ఈడ్చుకుపోయిందని నేను చెబుతుంటాను. నిజానికి పది అడుగులు. బోర్లా మాత్రం పడ్డాడు, నోట్లోకి ఇసుక కూడా పోయింది.

ఒరిగిన వైపు నుంచి కానాగంత చేపల గుంపు నీళ్ల మీద మెరుస్తూ బయటికి పోవడం ఒడ్డున ఉన్న అందరమూ చూశాం.

పోలయ్య చొక్కా తొడుక్కుంటూ వచ్చాడు. "రెడ్డీ, నీకాడ బలం బాగా ఉంది. చేపలే లేవు."

పెంచలరెడ్డిగారి మొహం మాడిపోయింది. "తప్పు మాదే పెద్దాయనా. నష్టం ఎంతో చెప్పు, ఇప్పుడే ఇస్తా."

"యాడికి పోయినాయి, సముద్రంలోకే గదా. రేపు మళ్లీ ఏస్తాం. నీ పాలు తీస్కో."

వల సంచిలో మిగిలినవి చిన్న చేపలే, నెత్తళ్లు, నాలుగు కవళ్లు. ముందు పడవకొక పాలు, వలకొక పాలు తీసి పక్కన పెట్టారు. తర్వాత తాడు పట్టిన ప్రతి మనిషికీ ఇసుక మీద సమానంగా కుప్పలు పోశారు. పెంచలరెడ్డిగారి కుప్ప రెండు దోసిళ్లుంది.

"ఇంతేనా?" అన్నారు.

పక్క కుప్ప ముందు కూర్చున్న ముసలామె తలెత్తింది. "నాకూ అంతే గదయ్యా."

పందిరి కిందికి చేరాం. కాగితం చదివి ఓటుకు పెట్టాను. నెల్లూరు సరే. కోవూరు సరే. వెంకటాచలం సరే. పాళెం కాదు. రమణయ్య వంతు వచ్చింది. ఆయన మీసంలో ఇంకా ఇసుక ఉంది.

"రెడ్డిగారూ, మీరంటే నాకు గౌరవం. మీ వాళ్లు నన్ను చూసుకోకుండానే అంత దూరం ఈడ్చుకుపోయినారు. చూసుకుంటే ఆగేవాళ్లే. ఈ కాగితం పాసైతే మీరు నన్ను చూసుకోవాల్సిన పనే ఉండదు. ఆ డబ్బు నాకొద్దు. కాదు."

మూడు, రెండు. కాగితం వీగిపోయింది. పెంచలరెడ్డిగారు లేచారు.

"అయితే మేమిద్దరం పోతాం. మా లీగ్ మేం పెట్టుకుంటాం. ఏం సెక్రటరీ, పోయేదానికి రూలు అడ్డమా?"

మస్తానమ్మ నా వైపు చూసింది. ఆ ఇద్దరూ పోతే పూల్ లేదు, లీగ్ లేదు, ఆమె ఇరవై మందికీ మళ్లీ మద్రాసే. గెలిచిన ఓటు అక్కరకు రాకుండా పోయేట్టుంది.

ఇక్కడ మాత్రం తెలివి నాదే. ఈ మాట వస్తుందని తెలిసి వారం ముందే ఒక కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను. "అడ్డం లేదు సార్. వెళ్లేవాళ్లకి ఫిక్స్చర్ రాసివ్వడం కూడా నా పనే గదా. మీ ఇద్దరి లీగ్‌కి రాసి తెచ్చినాను."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివారు. "మొదటి ఆదివారం నెల్లూరు, కోవూరు. రెండో ఆదివారం కోవూరు, నెల్లూరు. మూడో ఆదివారం నెల్లూరు, కోవూరు. నాలుగో ఆదివారం..." గొంతు సన్నబడింది. పేజీ తిప్పారు. వెనకవైపు కూడా అదే.

నెల్లూరు క్లబ్ యజమాని ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఆ రోజు మొదటిసారి నోరు తెరిచారు. "రెడ్డీ, ఇరవై ఆదివారాలు నేను నీ మొహమే చూస్తా ఉండాలా?"

ముందు నవ్వింది పెంచలరెడ్డిగారే. నవ్వి, కూర్చుని, మామూలు గొంతుతో అన్నారు. "సరే, ఒప్పుకుంటా. కానీ నా గ్రౌండ్‌కి గడ్డి, నీళ్లు, లైట్లు, అదంతా నేనొక్కణ్ణే మొయ్యాలా? ఆ గ్యాలరీ ఉండబట్టే గదా టికెట్లు అమ్ముడయ్యేది. అది న్యాయమా?"

దానికి నా జేబులో కాగితం లేదు. జవాబు మస్తానమ్మ దగ్గర ఉంది.

"న్యాయం కాదు రెడ్డిగారూ. ఇందాక చూసినారు గదా, మనుషుల కంటే ముందు వలకి పాలు తీసినాం. చినిగితే కుట్టాల, అందుకు. మీ గ్రౌండ్ పెద్దవల. దాని పాలు ముందు తీసుకోండి. ఎవరి గ్రౌండ్‌కి ఎంత ఖర్చో అంత. ఆ తర్వాత మిగిలింది మాత్రం అందరికీ సమానం. ఓటు మనిషి పాలు, అందరికీ ఒకటే, దాంట్లో చెయ్యి పెట్టబాకండి."

ఐదు ఓట్లూ పడ్డాయి. ఆ పందిరి కిందే రూలు రాశాను. రూళ్ల పుస్తకంలో దానికి వల పాలు అనే పేరు పెట్టాను. పక్క జిల్లాల లీగ్‌ల వాళ్లు ఫోన్ చేసి అదేంటని అడుగుతుంటారు. అడిగిన ప్రతిసారీ తప్పించుకున్న కానాగంతలు ఒక జానెడు పెరుగుతుంటాయి.

నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే సంగతి ఇదొక్కటే. అప్పటిదాకా ఫిక్స్చర్ అంటే తేదీల పట్టికే అనుకునేవాణ్ణి. అవతలి జట్టు లేకపోతే ఎంత పెద్ద క్లబ్‌కైనా ఆదివారం గడవదని చెప్పే కాగితం కూడా అదేనని ఆ ఏడే తెలిసింది. ఓటు లేని సెక్రటరీ దాన్ని జేబులో పెట్టుకుని తిరగాలి, అదీ తెలిసింది.

పాళెం గోలీ మద్రాసు పోలేదు. ఇప్పటికీ ఆ గాలిలోనే గోల్ కాస్తున్నాడు. ఏటా మీటింగ్ పాళెంలోనే పెడుతున్నాం, పెద్దవల రోజునే. కార్లు దిగి అందరూ ముందు తాళ్ల దగ్గరికే పోతారు. పెంచలరెడ్డిగారు తన ఆటగాళ్లను తొమ్మిది మందిని అటు, తొమ్మిది మందిని ఇటు తనే నిలబెడతారు. రమణయ్య ఏ వైపున్నాడో ఒకసారి చూసుకుంటారు. తర్వాత పంచె ఎగ్గట్టి, పోలయ్య తువ్వాలు మీదనుంచి కళ్లు తిప్పకుండా, ఒడ్డంతా వినపడేట్టు తన వాళ్ల మీదే కేకలేస్తారు.

"నిదానం రా అబ్బయ్యా, నిదానం! అవతలోళ్లు ఇంకా రాలేదు!"