పైకి మంచిగనే ఉన్న అతుకు

భివండీ దగ్గర నాగావ్‌లో ఇరవై రెండేళ్లు మగ్గాల మధ్యే బతికిన బుచ్చిరాములు, సేటు వాటిని తుక్కు కింద అమ్మేశాక మాన్కోలిలో ఒక అల్యూమినియం కార్ఖానాలో చేరాడు. లారీకీ గోదాము గడపకూ మధ్య పరిచే పలకలు అక్కడ తయారవుతాయి. రెండు ముక్కలను పక్కపక్కన బిగిస్తే, గిరగిరా తిరిగే ఉక్కు మొన సందులోకి దిగుతుంది. రాపిడి వేడికి మెత్తబడిన లోహాన్ని పిండి కలిపినట్టు కలుపుతూ ముందుకు పోతుంది. మంట ఉండదు. మొన తిరిగే వేగానికీ ముందుకు నడిచే వేగానికీ పొత్తు కుదరాలి, అంతే. ఏడాదిలో ఆ పొత్తు అతని చెవికి తెలిసిపోయింది.

వానలకు ముందు ఆర్డర్లు ముంచుకొచ్చాయి. సూపర్‌వైజర్ ముఖేష్, భివండీలోనే పుట్టిన తెలుగువాడు, మొన నడకను రెట్టింపు చేశాడు. బుచ్చిరాములుకు అనుమానం వచ్చి ఒక ముక్క కోసి వంచి చూశాడు. పుటుక్కున విరిగింది. పైన ముచ్చటగా కనిపించే అతుకు లోపల, ఆ కొస నుంచి ఈ కొస దాకా సన్నటి బొక్క.

"గింత జల్ది నడిపిస్తే లోహం వేడెక్కది. ఇగో, లోపల బోలుగ ఉన్నది సూడు" అన్నాడు.

"లోపల ఎవరు చూస్తరు కాకా? మాల్ పొద్దుగూకే వరకు పోవాలె, బస్."

బుచ్చిరాములు విరిగిన ముక్కను తన సంచిలో వేసుకున్నాడు. మిషన్ నడిపాడు.

పన్నెండో రోజున ఒక గోదాములో పలక అతుకు దగ్గరే నిలువునా చీలింది. బరువు బండితో దాని మీదున్న హమాలీ ప్రభుదాసు కాలు నుజ్జయింది. శాంతి నగర్ చాల్‌లో, ఆ వరస గదుల్లో, బుచ్చిరాములు పక్కింటివాడే అతను. ఆ కాలును మోకాలి కింది నుంచి తీసేశారు.

ఆసుపత్రిలో అతని భార్య మార్త అడిగింది: "అన్నా, అది మీ కార్ఖానా పలకనేనట గద?"

"నేను చేసిందే చెల్లె. లోపల బొక్క ఉన్నదని తెలిసే చేసిన."

మంచం మీంచి ప్రభుదాసు మెల్లగా అన్నాడు: "పొద్దుగాల రోజు ఒక్కటే రిక్షాల పోయినం గదనే. ఒక్కమాట చెప్పకపోతివి."

మర్నాడు బుచ్చిరాములు విరిగిన ముక్కను యజమాని బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాడు. పలకలన్నీ వెనక్కి వచ్చాయి, మొన నడక మళ్ళీ నెమ్మదించింది. కొలువు మాత్రం పోయింది, అతనిదీ ముఖేష్‌దీ.

ఇప్పుడతను ప్రభుదాసు సరుకు దింపిన గోదాములోనే మూటలు మోస్తున్నాడు. భార్య ఎల్లమ్మ పక్కింటికి పంపే కూరగిన్నె మూత తీయకుండానే తిరిగొస్తోంది. ఆమె మాత్రం పంపడం మానలేదు.