ఉప్పు పడ్డ గర్జెలు

మా అమ్మ సౌభాగ్యమ్మకు కోపం రాకుండె. ఆమెకు రావాల్సిన కోపమంతా నాకే వచ్చిందని మా నాయిన అంటుండె. అబద్ధమేం కాదు. ఇప్పుడు ఈ సంగతి చెప్తుంటే గూడ నాకు చెవులు వేడెక్కుతున్నయి. ఆమె బతికుంటే "ఊకో జయశీలా, ఏంది నీ లొల్లి" అంటుండె.

అమ్మ పటాన్‌చెరు సర్కారు దవాఖానల ఆయా. పేరుకు ఆయా గని, పురుడు పోసుట్ల ఆమె చెయ్యి మంచిదని చుట్టుపక్కల ఊర్లల్ల పేరు. ఇంద్రేశం నుంచి ఎడ్లబండి కట్టుకోని వచ్చి తోల్కపోతుండిరి. పొట్టి మనిషి. బండి ఎక్కాలంటే ఎవరో ఒకరు కింద పీట వెయ్యాలె. నాయిన సుందర్‌రాజు మిషన్ బడిల పంతులు. వాళ్ళిద్దరికి నేనొక్కదాన్నే. యాదన్న కట్టిన లైనిండ్లల్ల రెండు అర్రల ఇంట్ల కిరాయికి ఉంటుంటిమి. ఆరిండ్లు ఒకే వరుస, ఆరిండ్లకూ ముందట అరుగు లెక్క ఒకటే పొడుగాటి గద్దె. ఎవరింటికి ఎవరొచ్చిండ్రు, ఎవరు పోయిండ్రు, ఆ గద్దె మీద కూసుంటే అన్నీ కనిపిస్తుండె.

పెద్ద ఫ్యాక్టరీ మొదలైనంక ఆంధ్ర దిక్కు నుంచి కొలువులకు చానమంది వచ్చిండ్రు. క్వార్టర్లు తయారయ్యేదాంక మా లెక్కనే కిరాయిలు పట్టుకోని ఉండిండ్రు. అట్ల అరవై అయిదు ఎండకాలంల మా పక్కింట్లకు భీమశంకరం గారు దిగిండు. భార్య కనకమహాలక్ష్మి, తల్లి వెంకటరమణమ్మ. ముసలామె మడి మనిషి. పొద్దున్నే తడిబట్టతోని నీళ్ళు తెచ్చుకునేది. దారిల మేం ఎదురైతే బిందె కిందికి ఒంపేసి మళ్ళ బాయికి పోయేది. మా తాతలు చర్చికి పోకముందు ఏ వాడల ఉండిరో ఆమెకు ఎవరు చెప్పిండ్రో, వచ్చిన వారంలనే తెలుసుకున్నది.

కనకమ్మ అట్ల కాదు. ఇరవై ఏండ్లుంటయేమో, ఊరు కాని ఊరు, మా మాట సగం సమజ్‌గాక పరేషాన్ అయ్యేది. మా అమ్మ ఆమెను "నువ్వు" అంటే మొదట్ల ఉలిక్కిపడ్డది, తర్వాత అలవాటైంది. అమ్మను "అక్కయ్యగారూ" అని పిలుస్తుండె. ముసలామె జపంల ఉన్నప్పుడు వెనక దర్వాజ నుంచి వచ్చి మా వంటింట్ల పీటేసుకోని గంటలకొద్ది ముచ్చట పెట్టేది. మరుసటేడు వానలల్ల ఆమెకు నొప్పులొస్తే సంగారెడ్డి తీస్కపోదామంటే బస్సు లేదు. పురుడు పోసింది మా అమ్మే. బిడ్డకు మొదటి స్నానం చేయించింది గూడ ఆమెనే. వీరలక్ష్మి అని పేరు పెట్టుకున్నరు. ఆనాటి నుంచి అమ్మకు ఆ ఇల్లంటే ప్రాణం. "ఒక కడుపున పుట్టకున్నా నాకొక చెల్లె దొరికింది" అని నాయినతోని అంటుండె. ఆయన నవ్వి ఊకుంటుండె.

ఇగ క్రిస్మస్ సంగతి. డిసెంబర్ రెండో వారం దాటిందంటే మా ఇంట్ల మూకుడు పొయ్యి దిగకపోతుండె. చర్చి ఆడోళ్ళు నలుగురైదుగురు జమై రోజుకొక ఇంట్ల చేస్తుండిరి. అరిసెలు, సకినాలు, గర్జెలు. గర్జెలంటే ఆంధ్రోళ్ళ కజ్జికాయలే. పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, చక్కెర కలిపి లోపల పెట్టి, అంచు గోటితోని మడుచుకుంట పోవాలె. మా అమ్మ మడిచిన అంచు జడ అల్లినట్టుంటుండె. అందరికన్న ఆమె గర్జెలే మంచిగుంటయని నేను చెప్పద్దు గని, ఉంటుండె.

మా ఇంట్ల ఒక పట్టింపు. చేసింది ఏదీ ముందుగాల ఇంటోళ్ళు నోట్ల పెట్టొద్దు. డబ్బాలల్ల పోసి మూత పెట్టుడే. పండుగ నాడు చర్చి నుంచి వచ్చినంక ఎనిమిది పళ్ళాలు సర్ది, పైన చేతిరుమాలు కప్పి ఇరుగుపొరుగుకు పంపాలె. ఆ తర్వాతనే మనం తినుడు. ఎంగిలి చేసింది ఒకరికి పెట్టుడు పెట్టుడే కాదని అమ్మ అంటుండె. ఎనిమిదిల మొదటి పళ్ళెం కనకమ్మది. కనకమ్మ ఖాళీ పళ్ళెం తిరిగియ్యకుండ రెండు అరటిపండ్లు పెట్టి తెచ్చి, "ఎంత బావున్నాయండీ అక్కయ్యగారూ" అనేది. ఆ మాట కోసం అమ్మ ఏడాదంతా ఎదురుచూస్తుండె, నాకు తెలుసు. "నా చేతిది ఆ ఇంట్ల తింటరే" అని నాతోని ఒక్కసారి కాదు, పదిసార్లు అన్నది. దవాఖానల ఆమె చేతులు పట్టుకోని బిడ్డల్ని కన్నోళ్ళే, ఇంటికి పోతే గ్లాసు నీళ్ళు పైనుంచి దోసిట్ల పోస్తుండిరి. అందుకే ఆ మాట ఆమెకు అంత ముఖ్యం.

అరవై ఏడుల చక్కెర కరువు. మూడు నెలల రేషన్ చక్కెర తినకుండ దాచిపెట్టింది అమ్మ. నాకప్పుడు పద్నాలుగేండ్లు. దంచుడు నా పని. గర్జెలకు చక్కెర, సకినాలకు దొడ్డుప్పు. రెండూ మెత్తగ దంచి రెండు సత్తుగిన్నెలల్ల పోసిన. రెండూ ఒక్కతీరు తెల్లగుండె. ఏ గిన్నె ఏదో గుర్తు పెట్టలే. పక్కింటి రేడియో వినుకుంట దంచిన, అదీ నా నిర్వాకం. సకినాలు ఆ ఏడు జల్దీ ఎర్రబడ్డయి. మంట ఎక్కువైందనుకున్నది అమ్మ. పట్టింపు ఉండె గద, రుచి చూసెటోళ్ళు లేరు.

పండుగ నాడు చర్చి నుంచి వచ్చినం. నేనే కనకమ్మ ఇంటికి పళ్ళెం పట్టుకపోయి ఇచ్చి వచ్చిన. మిగతా పళ్ళాలు సర్దుతుంటే, నాయినకు ఆకలైందేమో, పట్టింపు గిట్టింపు పక్కకు పెట్టి ఒక గర్జె కొరికిండు. కొరికి థూ అని వాకిట్లకు ఉరికిండు.

"ఓ సౌభాగ్యం! ఉప్పు! పూరాగ ఉప్పే!"

అమ్మ కొద్దిగ నాకి చూసి నెత్తి కొట్టుకున్నది. "అయ్యో, ఆ పసిబిడ్డ తింటే కడుపుల ఏమైతది!" అని చెప్పులు గూడ వేసుకోకుండ ఉరికింది. నేను తప్పు చేసినదాన్ని, వెనకనే పోయిన.

కనకమ్మ వెనక దర్వాజ దగ్గరనే ఎదురైంది. కడిగిన పళ్ళెం, రెండు అరటిపండ్లు చేతులనే ఉన్నయి. అమ్మ నోరు తెరవకముందే మొదలుపెట్టింది.

"మీకే తెస్తున్నానండీ అక్కయ్యగారూ! ఈ యేడు కజ్జికాయలు మరీ బావున్నాయి. తీపి ఎంత సరిగ్గా కుదిరిందో! పాపయితే రెండు తినేసిందంటే నమ్మండి."

అమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉన్నది. ఆమె మొఖం నేను పక్కనుంచి చూసిన. "అట్లనా, మంచిది బిడ్డా" అన్నది. పళ్ళెం తీసుకున్నది. వచ్చేసినం.

నాకు ఒళ్ళు మండింది. "నేను పోయి అడుగుత! ఇదే ఉప్పు గర్జె నోట్ల కుక్కి అడుగుత!" అని ఎగిరిన. అమ్మ నా రెక్క పట్టి కూసోబెట్టింది.

"అడిగి ఏం చేస్తవు? ఆమె తిట్టలే గద. నా మనసు నొయ్యొద్దని చెప్పింది." అని, "మూడేండ్ల నుంచి తింటున్నదనుకున్న జయా. అక్క అన్నది గద, తింటదనుకున్న" అన్నది. అంతే. ఆ రోజు ఆమె అన్నం ముట్టలే.

మూడేండ్ల నుంచి ఆ పళ్ళాలు ఏడికి పోయినయో మరునాడు తెలిసింది. వాళ్ళింట్ల బోళ్ళు తోమే నర్సింహమ్మ, మనసుల ఏం పెట్టుకోని మనిషి, వాకిట్ల నిలబడి చెప్పింది. "పోయినేడు, అంతకు ముందటేడు మా పోరగాండ్లు మస్తు తిన్నరు సౌభాగ్యమ్మా. ఈసారి ఏందమ్మా గట్ల చేసినవు? మా బర్రె గూడ ముట్టలే!" అదే మాట కనకమ్మకు గూడ చెప్పిందట.

ఆ సాయంత్రం కనకమ్మ వచ్చింది, ఎప్పటి లెక్కనే వెనక దర్వాజ నుంచి. ముక్కు ఎర్రగున్నది. వంటింట్ల అమ్మ ముందర నిలబడ్డది.

"అత్తయ్యగారు ఒప్పుకోరండీ. ఆవిడ ఎదురుగా మీ పళ్ళెం ఇంట్లో పెట్టడానికే వీల్లేదు. మీరు బాధపడతారని అలా చెప్పాను. తప్పయిపోయింది. ఏదో ఒకటి పెట్టండి అక్కయ్యగారూ, ఇక్కడే, ఇప్పుడే తింటాను."

నేనైతే సంతోషపడ్డ. ఇగ అమ్మ డబ్బా తీస్తదనుకున్న. అమ్మ తియ్యలే.

"వద్దు కనకమ్మా. నా వంటింట్ల, తలుపు చాటుకు నిలబడి తింటే, నువ్వు తిన్నట్టు నేనెట్ల అనుకోవాలె? నేనేమన్న దొంగసొమ్ము పెడుతున్ననా? నీకు తినాలని ఉంటే ముందట దర్వాజ నుంచి రా, కూసోని తిను. రాలేనంటవా, రాకు. నీ సంసారం నీకున్నది, నాకేం కోపం లేదు. గని తినకుండ తిన్నా అని ఇంకోసారి చెప్పకు బిడ్డా."

గొంతు పెంచలే. చిన్నపిల్లకు మందు ఎట్ల వెయ్యాలో చెప్పినట్టు చెప్పింది. కనకమ్మ ఏడ్చుకుంట వెళ్ళిపోయింది. నేను పుట్టి బుద్ధెరిగినంక అమ్మ ఒకరికి పెట్టను అన్నది ఆ ఒక్కసారే.

ఆ ఏడాదంతా మాటలు బంద్ కాలే, గని ముచ్చట్లు తగ్గినయి. వీరలక్ష్మికి తట్టు పోస్తే అమ్మే పోయి మూడు రోజులు పక్కన కూసున్నది. వేపాకు పరిచింది, ఒళ్ళు తుడిచింది. ముసలామె అన్నీ చేయించుకున్నది, అమ్మ పోయినంక ఇల్లంతా పసుపునీళ్ళు చల్లుకున్నది. "సిగ్గు లేదా అమ్మా నీకు, మళ్ళ మళ్ళ పోతవు?" అంటే, "బిడ్డకు రోగమొస్తే గద పోయిన" అన్నది. ఇగ ఆమెతోని ఏం వాదిస్తం!

అరవై ఎనిమిది డిసెంబర్ వచ్చింది. ఈసారి దంచిన గిన్నెలు అమ్మ వేలితోని చూసి మరీ తీసుకున్నది. పండుగ నాడు చర్చి నుంచి వచ్చి పళ్ళాలు సర్దింది. నేను లెక్కబెట్టిన. ఏడే ఉన్నయి. అన్నీ ఇచ్చి వచ్చిన. ఆ పొద్దు ఆమె పక్కింటి దిక్కు ఒక్కసారి గూడ చూడలే. చూడకుండ ఉండేటందుకు ఎంత కష్టపడుతుందో నాకు కనిపిస్తుండె.

పది గంటలప్పుడు ఎండ గద్దె మీదికి వచ్చింది. లైనుల అందరూ బయటనే ఉన్నరు. ఫ్యాక్టరీ సెలవేమో, మగోళ్ళు గూడ ఉన్నరు. వెంకటరమణమ్మ వాళ్ళ వాకిట్ల పీట మీద కూసోని ఒత్తులు చేసుకుంటున్నది. కనకమ్మ పట్టుచీర కట్టుకోని, పిల్లను చంకనెత్తుకోని బయటికొచ్చింది. అత్త ముందట నుంచే నడిచి వచ్చి, మా దర్వాజ ముందట గద్దె మీద కూసున్నది.

"అక్కయ్యగారూ!" అని పిలిచింది, ఆరిండ్లకూ వినిపించేటట్టు. "నాకు పళ్ళెం రాలేదండీ."

అమ్మ బయటికి వచ్చింది. చూసింది. మళ్ళ లోపలికి పోయి పళ్ళెం తెచ్చి ఆమె ముందట పెట్టింది. కనకమ్మ గర్జె తీసి సగం కొరికింది.

"కనకం!" అన్నది ముసలామె. ఆ ఒక్క మాటే, గని లైనంతా ఇటు దిక్కే తిరిగింది. భీమశంకరం గారు పేపర్ల తల పెట్టిండు, తియ్యలే. కనకమ్మ చెంపలు ఎర్రబడ్డయి, అయినా నమిలింది. మిగిలిన సగం పిల్ల నోట్ల పెట్టింది. ఇంకోటి తీసింది. నేను దర్వాజ పట్టుకోని నిలబడ్డ. ఆమె మీద ఏడాది నుంచి మోసిన కోపం ఉండె గద, అది ఏమైందో నాకే తెల్వది. పూరాగ మాఫ్ చేసిన అని మాత్రం చెప్పను. అంత మంచిదాన్ని కాను నేను.

రెండో గర్జెకు పుట్నాల పొడి గొంతుల పడి పొలమారింది. దగ్గుకుంట, "మంచినీళ్ళు... కాసిని మంచినీళ్ళు ఇవ్వండి" అన్నది.

అమ్మ ఆ సంగతే అనుకోలే. తినుడు వరకే అనుకున్నది ఆమె. ఉరికి గ్లాసుతోని నీళ్ళు తెచ్చింది. తెచ్చి, జన్మంత అలవాటు గద, గ్లాసు ముట్టకుండ దోసిలి పడుతదని గ్లాసు పైకెత్తి పోసేటందుకు వంగింది. కనకమ్మ దోసిలి పట్టలే. చెయ్యి చాపి గ్లాసే తీసుకున్నది. పెదవులకు పెట్టుకోని గటగట తాగింది. ఖాళీ గ్లాసు అమ్మ చేతిల పెట్టి, "ఇంకొంచెం" అన్నది.

అమ్మ లోపలికొచ్చింది. ఎంతకూ బయటికి పోకపోతే నేను వెళ్ళి చూసిన. బిందె పక్కన గోడకు ఆనుకోని, కొంగు నోట్ల కుక్కుకోని ఏడుస్తున్నది. బయట కనకమ్మ ఇంకా దగ్గుతున్నది. అమ్మ చేతిల గ్లాసు తీసుకోని, బిందెల ముంచి, నేనే పట్టుకపోయి ఇచ్చిన. నా చేతి నుంచి గూడ తీసుకోని తాగింది.