నాయకుడు వచ్చేదాకా

తమిళనాట గుడియాత్తంలో సభ అంటే నాయకుడు ఆలస్యంగా వస్తాడనే అర్థం. ఆయనగారు వచ్చేదాకా జనం లేచిపోకుండా మైకు పట్టుకుని ఆపడం అంకప్ప పని. పగలు మగ్గం మీద లుంగీలు నేస్తాడు, సాయంత్రం పార్టీకి గొంతు అరగదీస్తాడు. ముప్పై ఏళ్ల చాకిరీ. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పొగుడుతాడు. ఆ పేర్లలో తన పేరుండదు, ఆ వరసలో తనకు కుర్చీ ఉండదు. ఒక్కసారైనా అక్కడ కూర్చోవాలి, కింద నుంచి భార్య రాజాంబాళ్ చూడాలి. పాపం, ఆ మనిషి కోరిక అంతే.

పార్టీ వరసగా మూడు ఎన్నికలు ఓడి ప్రతిపక్షంలో కూలబడింది. కిందపడ్డా మీసాలకు మన్ను అంటలేదన్నారు పెద్దలు. లోపమల్లా జనాన్ని కట్టిపడేసే నాయకుడు లేకపోవడమేనట! వెతకడానికి వేలూరులో తొమ్మిదిమందితో సంఘం వేశారు. దాని పెద్ద రంగనాథన్ ముగ్గురు ఆశావహులను పరీక్షించడానికి గుడియాత్తంలో సభ పెట్టాడు.

ముగ్గురూ ఆలస్యమే. అంకప్ప తమిళంలో మొదలెట్టి, రాజాంబాళ్‌తో వచ్చిన మగ్గాల వీధి ఆడవాళ్ల కోసం తెలుగులోకి దిగాడు. మోర్ధానా కాలవకు నీళ్లైనా వస్తాయి గానీ మా నాయకులు రారని నవ్వించాడు. నూలు ధర మాట ఎత్తేసరికి అందరూ ముందుకు జరిగారు. రెండు గంటలసేపు చంటిబిడ్డల తల్లులు కూడా లేవలేదు. తర్వాత ఆశావహులు వచ్చారు. ఒకడు కాగితం చదివాడు, ఒకడు తాతను పొగిడాడు, ఒకడు ఏడ్చాడు. సగం జనం బస్టాండు చేరారు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదా. రంగనాథన్‌కూ తట్టిందేమో, అంకప్పను పిలిచి భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు మాట్లాడితే ఒక్కడూ కదల్లేదప్పా. నువ్వు మాకు కావాల. వచ్చే నెల వేలూరు సభలో, కొత్త నాయకుడు వచ్చేదాకా నువ్వే మాట్లాడు."

"ఎవురన్నా ఆ నాయకుడు?"

"యాడ దొరికినాడు? దొరికేదాకా మాట్లాడతా ఉండు."

అంకప్ప సిగ్గు విడిచి తనకొక కుర్చీ వేస్తారా అని అడిగాడు.

రంగనాథన్ నవ్వాడు. "నువ్వు కూచుంటే మాట్లాడేదెవురప్పా? పో, మిగిలినోళ్లను ఆపు."

అంకప్ప మైకు ఆయన చేతిలో పెట్టి, మెట్లు దిగి, రాజాంబాళ్ పక్కన కూర్చున్నాడు. పైన వేదిక మీద సంఘం తొమ్మిదిమందీ మైకును ఒకరి మీదికొకరు తోసుకుంటున్నారు. కింద మిగిలిన జనం తమ కుర్చీలను అంకప్ప వైపు తిప్పుకున్నారు.