ఫ్యామిలీకి పనికిరాని బండి

బండి చూడడానికి కఫీల్ నన్ను తీసుకెళ్ళింది నా మీద గౌరవంతో కాదు. బయటి మనిషిని పిలిస్తే కూలి ఇవ్వాలి, నేనైతే ఊరికే దొరుకుతాను. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. "ముహందిస్, రేపు నాతో రా" అనగానే పొంగిపోయాను. కఫీల్ అంటే వీసా ఇచ్చి పని చేయించుకునే సౌదీ యజమాని, ముహందిస్ అంటే ఇంజనీరు. నల్లా బాగుచేసేవాణ్ణి, గోడకు రంగు వేసేవాణ్ణి కూడా ఇక్కడ అలాగే పిలుస్తారు. పైసా ఖర్చులేని బిరుదు.

ఖమీస్ ముషైత్ ఊరి బయట, నజ్రాన్ వెళ్ళే రోడ్డు పక్కన మా కఫీల్‌కు ఒక ఇస్తిరాహా ఉంది. విందులకూ పెళ్ళిళ్ళకూ అద్దెకిచ్చే తోట ఇల్లు. అక్కడ తలుపులు, కిటికీలు, పైకప్పుల పని నాది. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో నేర్చుకున్న వడ్రంగమే, చెక్కలు మాత్రం మారాయి. నీళ్ళ పైపులు, మోరీలు, చెట్లు చూసుకునేది అన్న. ఆర్మూరు వైపు మనిషి, నాకంటే బాగా పెద్దవాడు. సొంత అన్న కాదు. ఏళ్ళ తరబడి ఒకే పొయ్యి మీద వండుకు తినడం వల్ల అన్న అయ్యాడు.

మేమిద్దరం ఉండేది నీళ్ళ ట్యాంకు వెనక ప్లైవుడ్ క్యాబిన్‌లో. సౌదీ అనగానే మా ఊళ్ళో వాళ్ళకు ఎండే గుర్తుకొస్తుంది. ఖమీస్ కొండ మీది ఊరు. ఇక్కడ చలి ఉంది, మంచు ఉంది, మధ్యాహ్నం ఉన్నట్టుండి కుమ్మరించే వాన ఉంది. వాన వచ్చినప్పుడల్లా క్యాబిన్ కారేది. అన్నకు దమ్ము జబ్బు. తడి గోడల మధ్య పడుకుని లేచిన రోజు నాలుగు అడుగులు వేసి ఆగిపోయేవాడు. పొడిగా ఉండే చోట ఉంచండి, లేకపోతే ఈ మనిషి పనికి రాడు అని డాక్టరు చెప్పాడు. పనికి రాకపోతే వీసా రద్దు చేసి, ఖురూజ్ కొట్టి ఇంటికి పంపించేస్తారు. ఇంకా కొన్నాళ్ళు సంపాదించకుండా ఇంటికి పోయే పరిస్థితి అన్నకు లేదు.

అందుకే ఇటుకల గది కట్టించమని కఫీల్‌ను అడిగాం. చలికాలం లోపల కట్టిస్తానన్నాడు. ట్యాంకు పక్కన చోటు కూడా చూపించాడు. అన్న ఆ సాయంత్రమే సున్నంతో ముగ్గు పోసి గది కొలత గీశాడు. తలుపు ఎటు రావాలో, కిటికీ ఎటు రావాలో ఇద్దరం కాసేపు వాదులాడుకున్నాం. గాలికి సున్నం చెదిరిపోతే మళ్ళీ గీసేవాడు. వాన పడితే మళ్ళీ. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఈలోపు కఫీల్‌కు కరవాన్ మీద మనసుపడింది. లాక్కెళ్ళే డబ్బా కాదు, సొంత ఇంజిన్ ఉన్న మోటార్‌హోమ్. సెలవుల్లో పిల్లాపాపలతో కొండల్లోకీ ఎడారిలోకీ వెళ్ళి ఉండి రావడం ఇక్కడివాళ్ళకు సరదా. ఈయనకు గుడారం చాలదు, మంచం, పొయ్యి, బాత్రూం అన్నీ వెంట నడవాలి. డీజిల్ వద్దట, ఆ వాసన పిల్లలకు పడదట. పెట్రోలు ఇంజినే కావాలి. ఇంజిన్ సంగతి వాళ్ళ మెకానిక్ చూస్తాడు, ఇల్లు గట్టిగా ఉందో లేదో నేను చెప్పాలి. మంచి బండి ఎంచి పెడితే ఆయన సంతోషిస్తాడు, ఆ సంతోషంలో గది పని మొదలుపెడతాడని నా లెక్క. అంత శ్రద్ధగా నా కూతురికి సంబంధం కూడా చూడలేదు.

యార్డులో ఆ రోజు రెండు బండ్లున్నాయి. మొదటిది తళతళలాడుతోంది. కొత్త స్టిక్కర్లు, కొత్త పరదాలు, తలుపు తీయగానే గుప్పుమని అత్తరు. లోపల తడి వాసన లేకపోతే అంత అత్తరు అవసరం లేదు. అమ్మేవాడు హైదరాబాదు పాతబస్తీ మనిషి. నేను వంగి కింద చూస్తుంటే నవ్వాడు.

"ఏం జూస్తవ్ భాయ్, పెండ్లిపిల్ల లెక్క ఉంది."

"పెండ్లిపిల్ల అయితే గింత పౌడరెందుకు" అన్నాను.

ఈ బండ్ల గోడలు పైన పలుచటి ఫైబరు రేకు, వెనక చెక్క, మధ్యలో థర్మాకోల్, అన్నీ జిగురుతో అంటించినవి. నీళ్ళు దిగితే జిగురు వదిలి రేకు పొంగుతుంది. ఎదురుగా నిలబడితే కనబడదు, గోడ చివర నిలబడి పొడుగునా చూడాలి. చూశాను. కిటికీ కింద పొంగింది. అరచేత్తో నొక్కితే పూరీ లాగా లోపలికి పోయి మళ్ళీ లేచింది. లోపల సొరుగులు లాగి చూశాను. పొట్టుచెక్కకు పిన్నులు కొట్టారు, ఒక్క స్క్రూ లేదు. ఒక దాని మూల నా చేతికే వచ్చింది.

చెప్పులు విడిచి లోపలంతా నడిచాను. కఫీల్ అది మర్యాద అనుకున్నాడు. చెప్పుల కాలితో తొక్కితే నేల సంగతి తెలియదు. బాత్రూం గడప ముందు మడమ కింద నేల మెత్తగా దిగింది. చెక్క కుళ్ళింది. పైకెక్కి రేకుల అతుకు మీద క్యానుతో నీళ్ళు పోసి దిగి వచ్చేసరికి, డ్రైవరు సీటు పైన ఉన్న పడకలో మూల నుంచి బొట్లు పడుతున్నాయి. ఇంజిన్ ఆన్ చేయించి కిటికీలన్నీ మూసి కూర్చున్నాను. రెండు సీట్ల మధ్య ఇంజిన్ మీద మూత ఉంటుంది, దాని చుట్టూ రబ్బరు ఎండి పగిలింది. కాసేపటికే పెట్రోలు వాసన గొంతు పట్టుకుంది. అన్న ఇందులో ఒక పూట కూడా ఉండలేడు అనిపించింది. ఆ సమయంలో అన్న ఎందుకు గుర్తొచ్చాడో.

రెండోది రంగు వెలిసిన బండి. చూపులకు ఏమీ లేదు. కానీ పైకప్పు మొత్తం ఒకటే రేకు, అతుకు లేదు. సొరుగులు ప్లైవుడ్, స్క్రూలు బిగించినవి. తలుపు ఒక్క తోపుతో గట్టిగా మూసుకుంది. నేల ఎక్కడ తొక్కినా రాయి. క్యాను ఖాళీ చేసినా ఒక్క బొట్టు దిగలేదు.

ఇక్కడ మేమంతా నేర్చుకున్న పద్ధతి ఒకటి ఉంది. కఫీల్ ముచ్చటపడిన వస్తువును ఆయన ముందు చెత్త అనకూడదు, ఆయన చూపునే తప్పుపట్టినట్టు అవుతుంది. మీకు తగదు అనాలి. మా తాతలు దొరల ముందు మాట్లాడిన తీరే, భాష మాత్రం అరబ్బీ. ఆ మెరిసే బండి మీద ఆయనకు మోజు ఉందని తెలుసు. అందుకని చేతులు కట్టుకుని, నాకు వచ్చిన అరబ్బీలో, "ఇది మీ ఫ్యామిలీకి పనికిరాదు. మీ స్థాయి బండి కాదు" అన్నాను.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "ప్రయాణం చేయకుండా ఒకచోట నిలబెడితే?"

"కదలకుండా ఉంటే కొన్నాళ్ళు నిలబడుతుంది."

ఊరికే అడిగాడనుకున్నాను. రంగు వెలిసిన బండి కొన్నాడు. దారి పొడుగునా హుషారుగా పాటలు పెట్టుకున్నాడు, నాకు అరబ్బీ కాఫీ, ఖహ్వా ఇప్పించాడు. ఇంటికి రాగానే అన్నకు చెప్పాను, ఇక గది వచ్చినట్టే అని. అన్న మర్నాడు పొద్దున్నే సున్నం డబ్బా తీశాడు.

కొన్ని రోజులకు సాయంత్రం అస్ర్ నమాజ్ అయ్యాక గేటు ముందు క్రేన్ లారీ హారన్ కొట్టింది. దాని మీద ఆ పెండ్లిపిల్ల. లారీవాడు చోటు ఎక్కడని అడిగితే కఫీల్ నేల మీది సున్నపు గీతలు చూపించాడు. సరిగ్గా వాటి మీదే దించారు. తలుపు మాత్రం మేం అనుకున్న వైపు రాలేదు. ఖర్జూరం పెట్టె నా చేతిలో పెట్టి భుజం తట్టాడు. "నీ గది, ముహందిస్. మంచం ఉంది, పొయ్యి ఉంది, హమామ్ ఉంది. నువ్వే అన్నావుగా, కదలకపోతే నిలబడుతుందని. ఇంజిన్ తీయించేశాను, ఇక ఎక్కడికీ కదలదు."

ఇంజిన్ తీసేశాడు కనుక పెట్రోలు వాసన పోయింది. నా తనిఖీకి దక్కిన ఫలితం అదొక్కటే. షుక్రన్ అని థాంక్స్ చెప్పాను.

అసలు ఏడుపు అన్నను చూస్తే వచ్చింది. లోపలంతా తిరుగుతూ పరదాలు ముట్టుకుంటున్నాడు, నల్లా తిప్పుతున్నాడు. "తమ్మీ, బాత్రూం గూడ లోపట్నే ఉన్నది సూడు. బయటికి పోవుడే లేదిగ. మంచిగున్నది." ఆ మొహం చూశాక యార్డులో చూసిన సంగతి చెప్పబుద్ధి కాలేదు. పడకలో అతుకు లేని వైపు ఆయన పరుపు వేశాను. పైకెక్కి అతుకుల మీద దొరికిన గమ్మంతా పూశాను. బాత్రూం ముందు చెక్క ముక్క వేసి కప్పాను. కుళ్ళిన దాని మీద ఎంత పూసినా ఎంతకాలమని.

వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. అన్నం తింటున్నాం. ముందు కిటికీ కింద గోడ చెమర్చింది, తర్వాత పడక మూల నుంచి బొట్టు పడింది. నేను నీళ్ళు పోసి చూసిన మూలే. చూస్తుండగానే ధార అయింది. అన్న పళ్ళెం పక్కన పెట్టి పరుపు లాగబోయి, దమ్ము ఆడక కూర్చుండిపోయాడు. పరుపు నేను లాగాను. ఆయన కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాచి అన్నం గిన్నె ఖాళీ చేసి ధార కింద పెట్టాడు. ఊపిరి కుదుటపడడానికి చాలాసేపు పట్టింది.

"తమ్మీ, నువ్వు సూసినవంట గద యార్డుల. అప్పుడు ఉరవలేదా?"

"ఉరిసిందన్నా. నీళ్ళు వోసి సూసిన."

"మరి సెప్పకపోయినవా కఫీల్‌కు?"

"సెప్పిన."

"ఏమని సెప్పినవ్?"

"ఫ్యామిలీకి పనికిరాదని సెప్పిన."

అన్న నన్నే చూశాడు. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది.

"నీ మాట మంచిగనే ఇన్నడు" అని, గిన్నెను కొంచెం ఎడమకు జరిపాడు.